పాత బాయిలర్ తీసేసి కాంబీ పెట్టుకుందాం – 3వ పాఠం: ముందు ఒక బకెట్ తెచ్చుకోండి

పోయిన పాఠంలో ఏ పైపు ఎక్కడ్నుంచి ఎక్కడికి పోతుందో కాగితం మీద గీయమన్నా కదా, ఆ బొమ్మ పక్కన పెట్టుకోండి, ఇవాళ దాని మీద అంకెలు వేద్దాం.

కాంబీ అంటే గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లకీ (లోపల వేడినీళ్లు తిరిగే పలకలు), కుళాయిల్లో వేడినీళ్లకీ ఒక్కటే సరిపోయే గ్యాస్ బాయిలర్. అందరూ మొదట అడిగేది ఒకటే, మా ఇంట్లో ఇన్ని రేడియేటర్లు ఉన్నాయి, ఎన్ని కిలోవాట్ల కాంబీ కొనాలి అని. నేనూ అక్కడే మొదలెట్టా, తప్పులో కాలేశా. కాంబీ సైజు తేల్చేది రేడియేటర్లు కాదండీ, బాత్రూమ్. పాత పద్ధతిలో వేడినీళ్ల సిలిండర్ ఉండేది, బాయిలర్ తీరుబడిగా దాన్ని కాచిపెట్టేది, అందుకే చిన్న బాయిలర్‌తో కూడా సంసారం నడిచిపోయింది. కాంబీలో నిల్వ అంటూ లేదు. కుళాయి తిప్పగానే లోపల సెన్సర్‌కి తెలుస్తుంది, డైవర్టర్ వాల్వ్ రేడియేటర్ల వైపు పోయే వేడిని చిన్న ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ (పలుచటి రేకులకి ఒక పక్క వేడినీళ్లు, ఇంకో పక్క చన్నీళ్లు పోయే పెట్టె) వైపు మళ్లిస్తుంది, చన్నీళ్లు దాంట్లోంచి పోతూ పోతూనే కాగాలి. (అందుకే షవర్ నడుస్తున్నంతసేపు రేడియేటర్లకి వేడి పోదు, పాడైందని కంగారు పడకండి.)

సరే, బకెట్. వంటింట్లో మెయిన్స్ (వీధి పైపు) నుంచి నేరుగా వచ్చే చన్నీళ్ల కుళాయి దగ్గరే పెట్టండి, బాత్రూమ్ కుళాయి వద్దు, దానికి అటక మీది ట్యాంకు నుంచి నీళ్లొస్తుంటే మీరు కొలిచేది ట్యాంకునే. బకెట్ మీద రాసిన లీటర్లు నమ్మకుండా లీటరు బాటిల్‌తో పదిసార్లు పోసి 10 లీటర్ల దగ్గర గీత పెట్టుకోండి. కుళాయి పూర్తిగా తిప్పి ఫోన్‌లో టైమర్ పెట్టండి. 50 సెకన్లలో గీత దాకా వస్తే నిమిషానికి 12 లీటర్లన్నమాట. ఇంట్లో ఎవర్నైనా సగంలో టాయిలెట్ ఫ్లష్ నొక్కమనండి, ధార ఎలా సన్నబడుతుందో కళ్లారా చూస్తారు. రాత్రి ఒకసారి, పొద్దున అందరూ స్నానాలు చేసే టైమ్‌లో ఇంకోసారి కొలవండి, తక్కువ వచ్చిందే మీ లెక్క.

ఇప్పుడు లెక్క. నిమిషానికి ఎన్ని లీటర్లో, నీళ్లు ఎన్ని డిగ్రీలు పెరగాలో, రెండూ గుణించి 14.3తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. చలికాలంలో నీళ్లు 7 డిగ్రీల దగ్గర వస్తున్నాయి, షవర్‌కి 40 కావాలి అనుకుందాం, అంటే 33 పెరగాలి. 12 × 33 ÷ 14.3, దగ్గర దగ్గర 28. అదే 24 కిలోవాట్లది పెడితే ఆ చలిలో నిమిషానికి పది లీటర్ల చిల్లర ఇస్తుంది. ఎండాకాలం 17 డిగ్రీల నీళ్లొస్తే అదే బాయిలర్ దాదాపు 15 లీటర్లు ఇవ్వగలదు. అందుకే ఎండాకాలంలో పెట్టించుకుని ఆహా అన్నవాళ్లే చలికాలంలో మొహం మాడ్చుకుంటారు. ఆ చలిలో 150 లీటర్ల టబ్బు నిండాలంటే పావుగంట పడుతుంది, పాత సిలిండర్‌తో పోలిస్తే ఇది నచ్చనివాళ్లు ఉంటారు, ముందే ఆలోచించుకోండి.

బకెట్ టెస్ట్‌లో నిమిషానికి 7, 8 లీటర్లే వచ్చాయా, ఇక్కడే ఆగండి. మెయిన్స్‌లో లేని నీళ్లు 40 కిలోవాట్ల బాయిలర్ కూడా పుట్టించలేదు, సిలిండర్ ఉంచుకోవడమే మేలు. అలాగని పెద్దదే మంచిదని కూడా అనుకోవద్దు, ఎందుకంటే రేడియేటర్లకి కావాల్సింది చాలాసార్లు పది కిలోవాట్లు కూడా ఉండదు, స్పెక్ షీట్‌లో అది ఎంత కిందికి తగ్గగలదో ఆ అంకె చూడండి. కనిష్ఠం 6 ఉండి ఇంటికి 2 చాలనుకోండి, అది వెలుగుతూ ఆరుతూ ఉంటుంది.

ఇంక నన్ను ముంచిన విషయం, ప్రెజర్. పాత ఓపెన్ సిస్టమ్‌లో అటక మీది చిన్న ట్యాంకు 5 మీటర్ల ఎత్తున ఉంటే కింద ప్రెజర్ అర బార్ (ప్రెజర్‌ని కొలిచేది బార్లలోనే) అంతే. కాంబీకి ఆ ట్యాంకు ఉండదు, అంతా మూసేసిన సిస్టమ్, దాన్ని చల్లగా ఉన్నప్పుడే 1 నుంచి 1.5 బార్‌కి నింపుతారు, వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. మా ఇంట్లో పెట్టిన రెండోరోజు పొద్దున గేజ్ చూస్తే ముల్లు 0.4 దగ్గరుంది, నింపితే మళ్లీ పడిపోయింది, వెతగ్గా వెతగ్గా చెక్క ఫ్లోర్ కింద ఒక జాయింట్ దొరికింది. అది కొత్తగా కారింది కాదు, ఏళ్లుగా చుక్కలు చుక్కలుగా కారుతుంటే అటక మీది ట్యాంకు చప్పుడు చేయకుండా నింపుతూ వచ్చింది, మాకేం తెలీలేదు.

అందుకని హోంవర్క్. పొడి టిష్యూ తీసుకుని ప్రతి రేడియేటర్ వాల్వ్ నట్టు కింద తుడవండి, తడి తగిలినా, తెల్లగా ఆకుపచ్చగా పొక్కు కట్టి ఉన్నా బొమ్మలో అక్కడ గుర్తు పెట్టండి. ఒక రేడియేటర్‌లోంచి గ్లాసుడు నీళ్లు తీసి చూడండి, నల్లగా సిరాలా వస్తే అది ఇనుప తుప్పు, ఆ ప్లేట్ ఎక్స్ఛేంజర్ సన్నటి సందుల్లోకి పోయిందంటే కొత్త బాయిలర్ అయినా గొంతు పట్టేస్తుంది, కాబట్టి ముందు సిస్టమ్ ఫ్లష్ చేయించి, రిటర్న్ పైపు మీద మాగ్నెటిక్ ఫిల్టర్ పెట్టించుకోవాలి. గ్యాస్ పైపు జోలికి మాత్రం మీరు వెళ్లకండి, లైసెన్స్ ఉన్నవాళ్ల పని అది, మీరు దాని బయటి వ్యాసం కొలిచి రాసుకోండి చాలు, పాత బాయిలర్‌కి సరిపోయిన 15 మి.మీ. పైపు కాంబీకి చాలకపోవచ్చు.

బాయిలర్ పెట్టే గోడకి దగ్గర్లో డ్రైన్ ఎక్కడుందో కూడా చూసి పెట్టుకోండి, కాంబీలోంచి పుల్లటి నీళ్లు కారతాయి, వచ్చే పాఠం వాటి గురించే.