ప్లాసిబో ఖాతాలో పడ్డ ఇంజెక్షన్

పీజీ థీసిస్‌లో నా కొంప ముంచింది సగటే. ఆపరేషన్ అయ్యాక ఒక గ్రూపుకి నొప్పి మందు, ఇంకో గ్రూపుకి ప్లాసిబో, అంటే ఉత్తుత్తి మందు. 6 గంటల నొప్పి స్కోర్లు, రోగి తన నొప్పిని గుర్తుపెట్టే 100 మి.మీ. గీత మీద. రెండు గ్రూపులూ దాదాపు సమానం! ఎక్సెల్‌లో వరుసవరుసా చూస్తే దొరికింది: ప్లాసిబో గ్రూపులో నొప్పి భరించలేక అదనపు నొప్పి ఇంజెక్షన్ తీసుకున్నాయన స్కోరు 70 నుంచి 20కి పడింది. ఘనత ఇంజెక్షన్‌ది, జమ ప్లాసిబోకి.

అలాంటివాళ్లకు అక్కడి నుంచి మొదటి స్కోరునే చివరిదాకా ఉంచాను. సగటు వదిలేసి, నొప్పి కనీసం సగం తగ్గినవాళ్లను లెక్కపెట్టాను. ఉదాహరణకు మందుతో 50 శాతం, ప్లాసిబోతో 25 శాతం అయితే తేడా 25. 100ని దానితో భాగిస్తే 4. నలుగురికిస్తే ఒకరికి అదనపు మేలు. దీన్నే ఎన్ఎన్‌టీ (నంబర్ నీడెడ్ టు ట్రీట్) అంటారు, 1988 నాటిది.

డేటా చూశాక పద్ధతి మార్చానని థీసిస్‌లో రాసేశాను, పాత పట్టికా ఉంచాను. గైడ్‌గారు మాత్రం ఇంకా పి-విలువే (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకె) అడుగుతున్నారు.