డైట్ రీకాల్‌లో అన్నం, నూనె లెక్క

చెన్నైలో ఎమ్మెస్సీ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్‌లో చేరే మనవాళ్లు హాస్పిటల్ ఇంటర్న్‌షిప్ మొదలయ్యేలోపే ఒక గ్రాము తేడా చూపించే కిచెన్ స్కేలు కొనుక్కోండి. 24 గంటల డైట్ రీకాల్‌లో, అంటే గడిచిన రోజంతా ఏమేం తిన్నారో పేషెంటును అడిగి రాసుకునేటప్పుడు, లెక్క చెడేది ముఖ్యంగా అన్నం దగ్గరే. హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వారి 2017 ఆహార పోషక విలువల పట్టికలో ఉన్నది వండని బియ్యం విలువ, పేషెంటు చెప్పేదేమో వండిన అన్నం.

100 గ్రాముల బియ్యం మీరే వండి తూచండి. 280 గ్రాముల అన్నం అయిందనుకోండి. అప్పుడు 140 గ్రాముల కప్పు అన్నమంటే 50 గ్రాముల బియ్యం, సుమారు 178 కిలోకేలరీలు. అన్నం బరువునే పట్టికలో వేస్తే 498 వస్తుంది! డయాబెటిస్ పేషెంటుకు ఆ తప్పుతో ప్లాన్ రాస్తే పాపం కడుపు మాడ్చినట్టే. చెన్నై ఇళ్లలో వాడే ఉప్పుడు బియ్యానికి విడిగా తూచాలి, అది నీళ్లు పీల్చే తీరు వేరు.

నూనె ఎన్ని స్పూన్లు వేస్తారంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. నెలకెన్ని లీటర్లు కొంటారో, తినేవాళ్లెందరో అడగండి. నలుగురికి 3 లీటర్లయితే మనిషికి రోజుకు 25 మిల్లీలీటర్లు, దాదాపు 23 గ్రాములు. వేయించాక పారబోసేది తీసేయండి.