ప్యాచ్ వేసినా లోపం పోలేదా? లినక్స్ సర్వర్‌లో వెతకాల్సిన చోట్లు

లినక్స్ రకాలైన డెబియన్, ఉబుంటులకు సెక్యూరిటీ అప్‌డేట్లు త్వరగానే వస్తాయి. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయిందన్న మెసేజ్ చూసి పని అయిపోయిందనుకుంటేనే చిక్కు. ప్యాచ్ (లోపాన్ని సరిచేసే సవరణ) పడేది డిస్క్ మీద, ప్రోగ్రామ్ నడిచేది మెమరీలో. కింద చెప్పిన సమస్యల్లో సగం ఈ తేడా వల్ల వచ్చేవే.

సమస్య: అప్‌డేట్ అయింది, కెర్నెల్ మాత్రం పాతదే

‘యూనేమ్ -ఆర్’ కొడితే కనిపించేది ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్, అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్. కొత్తది ఇన్‌స్టాల్ అయినా రీబూట్ చేసేదాకా పాతదే నడుస్తుంది. రీబూట్ చేశాక కూడా పాతదే వస్తుంటే ముందు బూట్ పార్టిషన్‌ను అనుమానించండి. అది నిండిపోతే కొత్త కెర్నెల్ ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోతుంది. ‘డీఎఫ్ -హెచ్’తో ఖాళీ ఎంతుందో చూడండి, ‘ఆప్ట్ ఆటోరిమూవ్’తో పాత కెర్నెళ్లు తీసేయండి, ఆగిన ఇన్‌స్టాల్‌ను పూర్తి చేయండి. చోటు ఉన్నా ఇదే పరిస్థితైతే, బూట్ సమయంలో కెర్నెల్‌ను ఎంచుకునే గ్రబ్‌లో ఎవరైనా పాత కెర్నెల్‌ను డీఫాల్ట్‌గా పెట్టి ఉంటారు.

సమస్య: లైబ్రరీ కొత్తది, సర్వీస్‌లో పాత లోపం అలాగే ఉంది

లైబ్రరీ ఫైల్ మారినా, అంతకుముందే దాన్ని తెరిచిన ప్రాసెస్ పాత కాపీనే వాడుతూ ఉంటుంది. 2014 ఏప్రిల్‌లో ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డప్పుడు ఆ లైబ్రరీని అప్‌డేట్ చేసినా, రీస్టార్ట్ చేయని వెబ్ సర్వర్ మెమరీని బయటకు కారుస్తూనే ఉండేది.

తేల్చుకోవాలంటే ‘ప్రాక్’ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబర్ కింద ఉన్న ‘మ్యాప్స్’ ఫైల్ తెరవండి. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ ఫైల్) ఉన్న వరుస చివర ‘డిలీటెడ్’ అని ఉంటే ఆ సర్వీస్ ఇంకా పాత కోడ్‌తోనే నడుస్తోందన్నమాట. ఒక్కొక్కటీ చూసే ఓపిక లేకపోతే ‘నీడ్‌రీస్టార్ట్’ అనే టూల్ జాబితా ఇచ్చేస్తుంది. మారింది జీలిబ్‌సీ లాంటి అందరూ వాడే లైబ్రరీ అయితే, సర్వీసులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా మెషీన్‌నే రీబూట్ చేయడం మేలు.

సమస్య: అన్నీ చేశాం, స్కానర్ ఇంకా ప్రమాదమనే చూపిస్తోంది

లోపాలు వెతికే స్కానర్లు చాలావరకు వెర్షన్ నంబర్ చూసి తీర్పు చెప్పేస్తాయి. డెబియన్ స్థిర విడుదల (స్టేబుల్) సాధారణంగా కొత్త వెర్షన్ తీసుకోదు, పాత వెర్షన్‌కే ఆ ఒక్క సవరణ అతికిస్తుంది. హార్ట్‌బ్లీడ్‌కు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్ల పరిష్కారం 1.0.1జీలో వచ్చింది. డెబియన్ మాత్రం 1.0.1ఈ-2+డెబ్7యూ5లోనే ఇచ్చేసింది. ప్యాకేజీ ఛేంజ్‌లాగ్‌లో ఆ లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంటే సీవీఈ నంబర్ ఉందో లేదో చూసి నిర్ణయించండి.

సమస్య: లోపం పోయింది, అయినా ఎవరో లోపలికి వస్తున్నారు

ఇది అన్నిటికంటే ప్రమాదకరం, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. డెబియన్‌లో 2006లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో ఒక మార్పు చేశారు. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ టూల్ హెచ్చరికలు ఆపడానికి చేసిన ఆ మార్పుతో ర్యాండమ్ నంబర్లలో ర్యాండమ్‌నెస్ దాదాపు పోయింది, తేడాగా మిగిలింది ప్రాసెస్ ఐడీ ఒక్కటే. దాంతో ఆ నంబర్లతో తయారయ్యే ఒక్కో రకం ఎన్‌క్రిప్షన్ కీకి ఉన్న అవకాశాలు దాదాపు 32,768. అన్నీ ముందే లెక్కగట్టి పెట్టుకోవచ్చు! 2008 మేలో ఇది బయటపడింది. ప్యాకేజీ సరిచేశారు, కానీ అప్పటికే తయారైన కీలు బలహీనంగానే మిగిలాయి. ఆ కీలను వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న సర్వర్‌లో నమోదు చేసి ఉంటే, ఆ సర్వర్‌కూ ముప్పే.

కీలు బయటపడే అవకాశమున్న ఏ లోపానికైనా వరుస ఇదే: ప్యాచ్, రీస్టార్ట్, ఆ తర్వాతే కొత్త కీలు. వరుస తప్పితే కొత్త కీ కూడా పాత దారినే పోతుంది. లాగిన్‌కు అనుమతించిన కీలుండే ‘ఆథరైజ్డ్ కీస్’ ఫైల్ నుంచి పాతవి తీసేయండి, పాత సర్టిఫికెట్లు రద్దు చేయించండి, పాస్‌వర్డ్‌లు మార్చండి.

సమస్య: కొత్త కెర్నెల్‌తో వైఫై పోయింది, లేదా మెషీన్ క్రాష్ అవుతోంది

గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుంటే పని నడుస్తుంది, పాత రంధ్రం కూడా మళ్లీ తెరుచుకుంటుంది. కాబట్టి అది తాత్కాలికమే. ‘జర్నల్‌సీటీఎల్ -కే -బీ -1’తో క్రాష్ అయిన బూట్ లాగ్ తీసి బగ్ రిపోర్ట్‌కు జత చేయండి. ఓపిక ఉంటే గిట్ బైసెక్ట్ చేయండి, అంటే కమిట్ల (కోడ్ మార్పుల) జాబితాను సగం సగం చేస్తూ పరీక్షించండి, 1,000 కమిట్లున్నా పదిసార్లు పరీక్షిస్తే దోషి దొరుకుతుంది. తప్పు చేసిన కమిట్ చేతికిస్తే డెవలపర్ పని ఎంతో తేలికవుతుంది.

మామూలు యూజర్ ఆ క్రాష్‌ను కావాలని తెప్పించగలిగితే మాత్రం అందరికీ కనిపించేలా రిపోర్ట్ పెట్టకండి. ముందుగా కెర్నెల్ సెక్యూరిటీ టీమ్‌కు ప్రైవేట్‌గా మెయిల్ చేయండి.