పాత బంకు ట్యాంకు తీసేశారు, మరి కింద మట్టి సంగతేంటి? ఇలా తేల్చుకోండి

తిరుపతిలో పాత పెట్రోల్ బంకు ఉన్న స్థలం కొంటున్నా, అలాంటి స్థలం పక్కన మీ బోరు ఉన్నా, ట్యాంకు తీసిన రోజే గుంత పూడ్చెయ్యనివ్వకండి. అడుగు మట్టి కళ్లకు కనిపించేది అప్పుడే, పూడ్చాక చూడాలంటే మళ్లీ డ్రిల్లింగ్ ఖర్చు.

ముందు అక్కడ పనిచేసిన పాత వాళ్లను పట్టుకుని అడగండి: ట్యాంకులు ఎన్ని, పెట్రోలా డీజిలా, లారీ వచ్చి నింపే చోటు ఎక్కడ, పైపులు ఎటు పోయేవి. ఒక కాగితం మీద గీసుకోండి. ట్యాంకు బాగానే ఉండి, పైపు జాయింట్ల దగ్గరో నింపే చోటో ఏళ్ల తరబడి కారి ఉండొచ్చు. 2000కి ముందునుంచీ నడిచిన బంకు అయితే సీసం పరీక్ష కూడా రాసుకోండి, మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ ఆగింది ఆ ఏడాదే.

గుంతలోకి మాత్రం ఎవరూ దిగొద్దు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, అడుగునే నిలిచిపోతుంది, మనిషి స్పృహ తప్పొచ్చు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. బీడీ, సిగరెట్ దూరం పెట్టి, జేసీబీ బకెట్‌తో మట్టి పైకి తెప్పించి, ఆ బకెట్ మధ్యలోంచి తీసుకోండి.

మన ఎర్రమట్టిలో ఒక సౌకర్యం ఉంది. నూనె ఇంకిన చోట సూక్ష్మజీవులు ఆక్సిజన్ అంతా వాడేస్తే మట్టిలోని ఇనుము మారి, ఎరుపు పోయి బూడిద, ఆకుపచ్చ రంగు తిరుగుతుంది. అలాంటి మరకలు కనిపిస్తే అక్కడ తప్పకుండా శాంపిల్ తీయాలి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడకండి, పెట్రోల్‌లో ఉండే బెంజీన్ రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థం. గాజు సీసాలో కొంచెం మట్టి, నీళ్లు పోసి ఊపండి. పైన రంగురంగుల పొర తేలితే పుల్లతో కదపండి: విడిపోయి మళ్లీ కలిసిపోతే నూనె, పెంకుల్లా విరిగి అలాగే ఉండిపోతే అది ఇనుము బ్యాక్టీరియా పొర కావచ్చు. ఇది అంచనాకే, పొర రాలేదని మట్టి మంచిదని అనుకోవద్దు.

అసలు శాంపిళ్లు ట్యాంకు రెండు చివర్ల కింద, నాలుగు గోడల్లో, నింపే చోట, పైపు జాయింట్ల కింద తీయండి. పోల్చడానికి దూరంగా, ఎగువన ఒకటి. అన్నీ కలిపి ఒకటిగా పంపితే ఎక్కడ చెడిందో తెలియకుండా పోతుంది, పైగా కలిపేటప్పుడే బెంజీన్ ఎగిరిపోతుంది. గాజు సీసాను అంచు దాకా నింపి, మూత బిగించి, చోటు, లోతు, సమయం రాసి వెంటనే ఐసు పెట్టెలో పెట్టండి. ల్యాబు చెన్నైలో ఉన్నా సరే, ఐసు కరగకూడదు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబులో మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు, బెంజీన్, టోలుయిన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్, డీజిల్ అయితే నాఫ్తలీన్ కూడా చూడమని ముందే అడగండి.

ఇక నీళ్లు. ఇక్కడ మట్టి, మొరం కింద ఎక్కువచోట్ల గట్టి రాయి, నీళ్లు దాని చీలికల్లోంచి పోతాయి. అందుకని వాలు స్వర్ణముఖి వైపు ఉంది కదా అని పల్లంలోని బోర్లే చూస్తే సరిపోదు, చుట్టూ ఉన్నవన్నీ చూడాలి. తాగేనీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. అనుమానం ఉన్న నీళ్లను కాచి తాగుదామనుకోవద్దు, కాచితే ఆ ఆవిరి వంటింట్లోనే నిండుతుంది.

తేడా తేలితే తవ్విన మట్టిని టార్పాలిన్ మీద పోసి, పైన కూడా కప్పి, నింపుడు మట్టిగా ఎవరికీ ఇవ్వకుండా, రిపోర్టుతో కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా చెప్పండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు నీటిమట్టం పైకి లేస్తుంది కాబట్టి, ఇప్పుడు బాగున్న బోరు నీళ్లు కూడా జనవరిలో ఇంకోసారి పరీక్షకు పంపండి.