ఎక్స్‌ప్రెస్ ఎర్రర్ హ్యాండ్లర్‌లో ఆ నాలుగో పేరు తీసేయకండి

నోడ్.జేఎస్‌లో వెబ్ సర్వర్లు రాయడానికి వాడే ఎక్స్‌ప్రెస్‌లో ఎర్రర్ హ్యాండ్లర్ (ఎర్రర్ వస్తే జవాబు పంపే ఫంక్షన్) రాసేటప్పుడు ఎర్, రెక్, రెస్, నెక్స్ట్ అని నాలుగు పారామీటర్లూ రాయాల్సిందే. నెక్స్ట్ ఎక్కడా వాడట్లేదు కదా అని లింటర్ (కోడ్‌లో లోపాలు ఎత్తిచూపే టూల్) పసుపు గీత పెడుతుంది. నేనూ అలాగే ఒకసారి తీసేశాను, సాయంత్రమంతా టెన్షనే.

ఎందుకంటే ఎక్స్‌ప్రెస్ ఫంక్షన్ పేరు చూడదు, దానికి ఎన్ని పారామీటర్లున్నాయో లెక్కపెడుతుంది. నాలుగుంటేనే ఎర్రర్ హ్యాండ్లర్. మూడుంటే మామూలు మిడిల్‌వేర్ (ప్రతి రిక్వెస్ట్‌కీ మధ్యలో నడిచే ఫంక్షన్) అనుకుని, ఎర్రర్ వచ్చినప్పుడు దాన్ని దాటేసి పోతుంది. మీరు పంపాలనుకున్న జేసన్ డేటా బదులు డిఫాల్ట్ హెచ్‌టీఎంఎల్ పేజీ వెళ్తుంది. నోడ్ ఎన్వ్ (సర్వర్ ఏ మోడ్‌లో నడుస్తోందో చెప్పే సెట్టింగ్) ప్రొడక్షన్‌లో లేకపోతే, ఎర్రర్ కోడ్‌లో ఎక్కడ పుట్టిందో చూపే స్టాక్ ట్రేస్ మొత్తం బయటపడుతుంది, అది మరీ ప్రమాదం.

గుర్తుపట్టడం తేలికే. లేని యూఆర్‌ఎల్ ఒకటి కొట్టి చూడండి. 404 రావాల్సిన చోట ‘రెస్.స్టేటస్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్’ అని వస్తే ఇదే తప్పు: పేర్లన్నీ ఒక గడి జరిగి, రెస్ అనుకున్న చోట నెక్స్ట్ కూర్చుంది.

లింటర్ గొడవ పెడితే ఆ ఒక్క లైనుకి రూల్ ఆపేయండి. హ్యాండ్లర్‌ని రూట్లన్నిటి (ఏ యూఆర్‌ఎల్‌కి ఏ కోడ్ నడవాలో చెప్పేవి) తర్వాత, చివర్లో పెట్టండి. ఇంకా ఎక్స్‌ప్రెస్ 4లోనే ఉంటే, ఎసింక్ రూట్‌లో (ఫలితం కాసేపాగి వచ్చే రూట్) వచ్చిన ఎర్రర్‌ని మీరే పట్టుకుని నెక్స్ట్‌కి ఇవ్వాలి. 2024లో వచ్చిన 5 ఆ పని తనే చేస్తుంది.