సార్, ఎప్పుడూ మాకే వస్తోంది

పర్లాకిమిడిలో మా మేడ మీది గదిలో సాయంత్రాలు పైథాన్ ప్రోగ్రామింగ్ చెబుతుంటాను. పిల్లలు ఆరు ఊళ్ల వాళ్లు: పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, పాతపట్నం, టెక్కలి, మెళియాపుట్టి. బోర్డు తుడిచే వంతు ఏ ఊరిదో రోజూ ప్రోగ్రామే తీస్తుంది. చీట్లు వేస్తే గొడవని అలా పెట్టాను. అయినా గొడవే. "సార్, ఎప్పుడూ మాకే వస్తోంది" అని కాశీనగర్ వాళ్లు.

సరే, లెక్క తీద్దాం అన్నాను.

రాండమ్ మాడ్యూల్‌లోని చాయిస్ ఫంక్షన్ లిస్టులోంచి ఒక పేరు తీస్తుంది. దాన్ని లూప్‌లో పెట్టి 6,000 సార్లు తిప్పండి. పదిసార్లు తిప్పితే ఏమీ తేలదు. లెక్కకు, పేరు పక్కన అంకె దాచే ఖాళీ డిక్షనరీ పెడితే, కొత్త పేరు రాగానే కీ ఎర్రర్ అని ఆగిపోతుంది. కలెక్షన్స్‌లోని కౌంటర్ అయితే లేని పేరును సున్నా అనుకుని ఒకటి కలుపుతుంది.

చాయిస్‌ను మాత్రం లూప్‌లో తిప్పుకు ఒక్కసారే పిలవండి. వచ్చిన పేరును వేరియబుల్‌లో పెట్టుకుని ప్రింటుకీ లెక్కకీ అదే వాడాలి. మావాడొకడు రెండుచోట్లా విడివిడిగా పిలిచాడు. తెర మీద గుణుపూర్, లెక్కలో టెక్కలి! మొత్తం 6,000 సరిపోయింది కాబట్టి తప్పు దొరకడానికి గంట పట్టింది.

చివర మోస్ట్ కామన్ అని అడిగితే ఎక్కువ నుంచి తక్కువకు వరస ఇస్తుంది. ఊరికి సరిగ్గా వెయ్యి రాదు. వెయ్యికి వర్గమూలం దాదాపు 32, దానికి రెండింతలు అటూ ఇటూ తేడా మామూలే. 940 వచ్చినా 1,060 వచ్చినా కంగారు పడకండి.

మాకు ఆరు వరసలు రావాలి, ఏడొచ్చాయి. కాశీనగర్ 861, మళ్లీ కాశీనగర్ 842. అంటే 1,703! తక్కిన ఊళ్లన్నీ ఎనిమిది వందల చిల్లర.

పేర్లు వాట్సాప్ హాజరు నుంచి కాపీ చేసి, సెట్‌లో వేసి, రెండోసారి వచ్చినవి తీసేశాననుకున్నాను. రెండు కాశీనగర్‌లకూ అక్షరాలనూ గుణింతం, పొల్లు గుర్తులనూ విడివిడిగా లెక్కపెట్టే లెన్ కొట్టి చూస్తే ఒకటి 8, ఒకటి 9. ఫోన్ కీబోర్డు పొల్లు తర్వాత కంటికి కనబడని అక్షరం ఒకటి పెట్టింది. 'లూప్‌లో' అని రాసినప్పుడు ప, ల కలిసిపోకుండా ఆపేది అదే. దాని యూనికోడ్ సంఖ్య 200సి. పేరుకు అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసే స్ట్రిప్ దాన్ని తీయదు. రీప్లేస్‌తో తీసేసి, ఆ తర్వాతే సెట్‌లో వేయండి.

ఆ వారమంతా బోర్డు నేనే తుడిచాను.