కనుమకు ముందే చెబుతున్నా: బ్లేడు కత్తిని కీలులో తిప్పకండి

పోయిన నెల తెనాలి వైపు ఒక ఊళ్లో నాలుగు కుటుంబాల వాళ్లు కలిసి పొట్టేలును కోసుకున్నారు. పోగులు వేసుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. మధ్యాహ్నం ఒక ఇంట్లో పిల్లాడి కంచంలో గోరంత ఉక్కు ముక్క కనపడింది. నోట్లో పెట్టుకోకముందే వాళ్లమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. కోసినాయన్ని అడిగితే, "అవును, తొడ విడదీసేటప్పుడు బ్లేడు విరిగింది, ఇంకోటి వేసుకుని పని కానిచ్చా" అన్నాడట. విరిగిన ముక్క ఎటు పోయిందో చూడాలని ఆయనకు తోచలేదు. ఆయన చూపుడు వేలికి కూడా కుట్లు పడ్డాయి. ఆ సంగతి సాయంత్రానికి గానీ ఎవరికీ చెప్పలేదు.

కనుమ దగ్గరకొస్తోంది. ఆ తర్వాత బక్రీదు ఉంది. గుంటూరులో, బెజవాడలో ఉద్యోగాలు చేసుకుంటూ పండక్కి సొంతూరు వెళ్లి, ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే కత్తి పట్టేవాళ్లు మనలో చాలామంది. వాళ్ల చేతుల్లోకి ఈమధ్య బ్లేడు మార్చుకునే కత్తి ఒకటి వచ్చింది. కొందరు ఆన్‌లైన్లో కొంటున్నారు, కొందరికి అమెరికా అల్లుడి సూట్‌కేసులో వస్తోంది. కత్తి తెగుతుంది, పిల్లల్ని దూరంగా ఉంచాలి, చేతులు కడుక్కోవాలి లాంటివి మీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ప్రధానంగా ఒక్క తప్పు గురించి.

అసలీ కత్తి ఎవరి కోసం చేశారు

అమెరికాలో జింకల్ని వేటాడేవాళ్లు కొట్టిన చోటే పొట్ట తెరిచి పేగులు తీసేస్తారు. దూరం మోయాల్సి వస్తే తోలు ఒలిచి, మాంసం కూడా అక్కడే విడదీస్తారు. అడవిలో సానరాయి పెట్టుకుని కూర్చోవడం కుదరదు. బ్లేడు మొద్దుబారితే తీసేసి కొత్తది తొడుక్కునేలా ఈ కత్తులు వచ్చింది అందుకే. హావలాన్ అనే కంపెనీ కత్తులకు వేసే బ్లేడ్లు ఆపరేషన్లలో డాక్టర్లు వాడే స్కాల్పెల్ బ్లేడ్ల జాతివి. అవుట్‌డోర్ ఎడ్జ్ అనే ఇంకో కంపెనీ వాళ్ల రేజర్‌లైట్ రకంలో బ్లేడు వెన్నుకు ఆనుగా ఒక పట్టీ ఉంటుంది, అందుకని కాస్త తక్కువ వంగుతుంది. వీటిని చూసి చేసిన చవక రకాల సంగతి వేరే చెప్పాలా? పిడిలో బ్లేడు కూర్చునే చోటే వదులుగా ఊగుతుంటుంది. అలా ఊగేదాన్ని ఎంత చవకైనా కొనకండి.

వేట మాట వచ్చింది కాబట్టి ఒక మాట. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. చేతిలో కొత్త కత్తి ఉంది కదా అని నల్లమల వైపు చూడకండి, గుంటూరు పక్క ఉప్పలపాడు కొంగల వైపు అసలే చూడకండి. ఇక్కడ రాసిందంతా మేక, పొట్టేలు గురించే. అదైనా మున్సిపాలిటీ హద్దుల్లో ఉన్నవాళ్లు గుర్తింపు ఉన్న కబేళాలోనే కోయించుకోవాలి. 2001 నాటి కేంద్ర నిబంధనల్లో ఉన్నది అదే.

ఏ కత్తి దేనికి

తోలు తీయడంలో బ్లేడు కత్తికి సాటి లేదు, ఒప్పుకోవాల్సిందే. వెనక కాలి మడమ దగ్గర చిన్న గాటు పెట్టి, అంచు పైకి ఉండేలా బ్లేడును తోలు కిందికి పోనిచ్చి, లోపలి నుంచి బయటికి చీల్చుకుంటూ రావాలి. అలా చేస్తే బొచ్చు తెగి మాంసం మీద పడదు. బొచ్చు మీది నుంచి కోస్తే ఏ కత్తి పదునైనా నిమిషాల్లో పోతుంది. తోలుకీ మాంసానికీ మధ్య ఉండే తెల్లటి పొర మీద బ్లేడు ఊరికే ఆనిస్తే చాలు, తోలు దానంతటదే విడిపోతుంది. బలం పెట్టాల్సి వస్తోందంటే బ్లేడు మొద్దుబారిందని అర్థం. మార్చండి.

జబ్బ విడదీయడానికి కూడా ఇది చక్కగా పనికొస్తుంది. చాలామందికి తెలియదు గానీ, మేకకీ పొట్టేలుకీ ముందరి కాలు ఎముకల కీలుతో ఒంటికి అతుక్కుని ఉండదు. కండరాలే దాన్ని పట్టుకుని ఉంటాయి. కాలు కొంచెం ఎత్తి పట్టుకుని, పక్కటెముకల వెంబడి కోసుకుంటూ పోతే ఎముకకు కత్తి తగలకుండానే జబ్బ చేతికొస్తుంది. ఇక్కడే మనిషికి ధైర్యం వచ్చేస్తుంది. జబ్బ ఇంత తేలిగ్గా వచ్చింది కదా, తొడ కూడా ఇలాగే వస్తుందనుకుంటాడు.

తొడ అలా రాదు. తొడ ఎముక తల తుంటి గుంటలో దిగి కూర్చుని ఉంటుంది. లోపల దాన్ని పట్టుకుని నరం లాంటి గట్టి కట్టు ఉంటుంది. అక్కడికి కమ్మరి కత్తి కావాలి.

లారీ కమాను పట్టీని సాగగొట్టి చేసిన కత్తి సంగతి మీకు తెలిసిందే. వెన్ను మందంగా ఉంటుంది, పిడిలోకి ఇనుము లోతుగా దిగి ఉంటుంది. తోలు దగ్గర కొంచెం మొరటుగా ఉంటుంది, తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది, మధ్యలో రెండుసార్లు సాన పట్టాలి. కానీ కీలులో దింపి పక్కకు తిప్పితే కీలు విచ్చుకుంటుంది, కత్తి విరగదు. మన తాతల నుంచీ చేతికి అబ్బిన పని అది. దింపు, తిప్పు, ఊడదియ్యి. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. అదే పని బ్లేడు కత్తితో చేయడమే చేతులు కాల్చుకునే పని.

తిప్పడం ఎందుకు అంత ప్రమాదం

స్కాల్పెల్ జాతి బ్లేడు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అంత పలుచగా ఉండి కూడా పదును నిలవాలంటే ఉక్కును బాగా గట్టిపరచాలి. గట్టిపడిన పలుచటి ఉక్కు అంచు వైపు ఎంతైనా కోస్తుంది గానీ, పక్కకు ఒత్తిడి పడితే కొంచెం వంగి టక్కున తెగుతుంది. కమ్మరి కత్తి ముందుగా చేతికి బరువు తెలిపి హెచ్చరిస్తుంది. దీనికి ఆ హెచ్చరిక ఉండదు.

విరిగే తీరు రెండు రకాలు. ఒకటి, మొన విరిగి కీలు లోపలి కట్టులో ఉండిపోవడం. రెండోది ఇంకా చెడ్డది. పిడి దగ్గరే విరగడం. అప్పటిదాకా మీరు పెడుతున్న బలమంతా ఒక్కసారి దేనికీ ఆనకుండా పోతుంది. చెయ్యి ముందుకు దూసుకెళ్లి, కీలులో నిలబడి ఉన్న బ్లేడు ముక్క మీదే పడుతుంది. లేకపోతే ఎదురుగా కాలు పట్టుకున్నవాడి చేతి మీద పడుతుంది.

మీరు తిప్పకపోయినా బ్లేడును తిప్పేవాడు ఇంకొకడుంటాడు. టార్పాలిన్ మీద వేసి కోసేటప్పుడు ఒకడు కాలు ఎత్తి పట్టుకుంటాడు కదా, వాడు. కబుర్లలో పడి చెయ్యి కొంచెం దించుతాడు. తెరుచుకున్న కీలు మూసుకుపోతుంది. బ్లేడు మధ్యలో ఇరుక్కుంటుంది. మీరు లాగుతారు. వాడేమో "ఇంకొక్క తిప్పు తిప్పు బావా, ఊడొస్తుంది" అంటాడు. బ్లేడు విరిగిన ఏ చోట విచారించినా ఆ ఒక్క తిప్పే ఉంటుంది.

కాబట్టి కీలు తెల్లగా కనపడగానే బ్లేడు కత్తి కింద పెట్టండి. మూసి పక్కన పెట్టండి. కమ్మరి కత్తి తీసుకోండి. ఇంట్లో కమ్మరి కత్తి లేకపోతే తొడ ఉన్నది ఉన్నట్టుగా మాంసం కొట్టుకు తీసుకెళ్లి చింతమొద్దు మీద కొట్టించుకోండి. ఆ కాస్త డబ్బు దగ్గర పిసినారితనం వద్దు. మెడ దగ్గరా ఇంతే, వెన్నుపూసల దగ్గరా ఇంతే. పక్కటెముకలు బ్లేడుతో విరిచే ప్రయత్నం అసలే చేయకండి.

విరిగితే

ఆపండి. ఎవరినీ కదలనివ్వకండి. కాలు పట్టుకున్నవాడు అలాగే పట్టుకుని ఉండాలి, వదిలితే ముక్క ఇంకా లోపలికి పోతుంది.

ముందు చేతులు చూసుకోండి. పదునైన బ్లేడుతో చెయ్యి తెగినప్పుడు వెంటనే నొప్పి తెలియదు, మేక నెత్తురులో మీ నెత్తురు కనపడదు. నీళ్లు పోసుకుని చూస్తేనే తెలుస్తుంది.

తర్వాత ముక్క వెతకాలి. వేళ్లతో కెలకొద్దు. టార్చి వేసి, కమ్మరి కత్తి మొనతో మాంసం విప్పుకుంటూ, పట్టకారుతో తీయండి. దొరికిన ముక్కను పిడిలో మిగిలినదాని పక్కన పెట్టి, కొత్త బ్లేడు మీద ఆనించి చూడండి. అంచు నుంచి అంచు దాకా సరిపోతేనే మొత్తం దొరికినట్టు. ఆవగింజంత మొన తక్కువైనా ఇంకో ముక్క లోపలుందన్నమాటే. ఈ బ్లేడ్ల ఉక్కు అయస్కాంతానికి అంటుకుంటుంది. పాత స్పీకరు అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు తొడిగి టార్పాలిన్ మీద, గిన్నెల్లో తిప్పండి. మాంసంలో లోతుగా దిగినదాన్ని మాత్రం అయస్కాంతం బయటికి లాగలేదు, దాన్నే నమ్ముకోవద్దు.

దొరకలేదా? ఆ తొడ పారేయండి. పక్కన కలిసిపోయిన మాంసం కూడా పారేయండి. "ఉడికితే ఏం కాదులే" అనేవాడి మాట వినకండి, ఉక్కు ఉడకదు. కుక్కలకు వేయకండి, గొయ్యి తీసి పూడ్చండి.

మిగతావి వరసగా

బ్లేడ్లు లెక్కపెట్టి బయటికి తీయండి. పని అయ్యాక లెక్కపెట్టండి. లెక్క తేలకుండా పోగులు వేయకండి.

బ్లేడు వేళ్లతో మార్చకండి. కొవ్వు అంటిన వేళ్లు జారతాయి. చేతులు సబ్బుతో కడిగి తుడుచుకుని, బ్లేడును కటింగ్ ప్లయరుతో పట్టుకుని, మొన మీకూ పక్కవాడికీ కాకుండా నేల వైపు పెట్టి తీయండి.

నిలబడి మార్చకండి.

కత్తి పట్టని చేతికి కోతను తట్టుకునే గ్లౌజు వేసుకోండి. అది జారే కోతను ఆపుతుంది, పొడుచుకునే మొనను ఆపదు. గ్లౌజు ఉంది కదా అని బ్లేడుకు ఎదురు చెయ్యి పెట్టకండి.

ఒక జీవం మీద ఒక్క కత్తే నడవాలి. ఇద్దరు రెండు వైపుల నుంచి కోయడం వద్దంటే వద్దు.

కీలులో బ్లేడు పెట్టకండి.

పొట్ట తెరిచేటప్పుడు మొన లోతుగా దింపకండి. పేగు తెగితే మాంసమంతా పాడవుతుంది. కార్జం పక్కనున్న చేదుతిత్తి కూడా అంతే, తెగకుండా విడదీయండి.

చచ్చిపడి ఉన్న జీవాన్ని కోయకండి. ముక్కు నుంచో నోటి నుంచో నల్లటి నెత్తురు కారి గడ్డకట్టకుండా ఉంటే ముట్టుకోనే వద్దు. అది దొమ్మరోగం (ఆంత్రాక్స్) కావచ్చు, చేతి మీద చిన్న గాటు నుంచి కూడా మనిషికి అంటుతుంది. పశువైద్యుడికి చెప్పండి.

మందు కొట్టినవాడు కత్తి ముట్టుకోకూడదు, కాలు కూడా పట్టుకోకూడదు. బావగారైనా సరే, పెద్దల్లుడైనా సరే.

ఫోను వీడియో తీసేవాడు కత్తి వెనకాల నిలబడకూడదు. మోచెయ్యి వెనక్కొస్తుంది.

చీకటి పడ్డాక మొదలుపెట్టకండి.

తెగితే శుభ్రమైన గుడ్డతో నేరుగా గాయం మీద అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకోండి. పది నిమిషాల దాకా తీసి చూడకండి. పసుపు, కాఫీ పొడి, సున్నం పోయకండి. వేలి మొదట్లో దారం బిగించి కట్టకండి.

బ్లేడు ముక్క చేతిలో దిగి ఉంటే లాగకండి. కదలకుండా చుట్టూ గుడ్డ పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. ఉక్కు ఎక్స్‌రేలో కనపడుతుంది, విరిగిన బ్లేడని డాక్టరుకు ముందే చెప్పండి.

వేలు వంగకపోయినా, కొస తిమ్మిరిగా ఉన్నా పైకి గాయం చిన్నదేలే అనుకోకండి. లోపల స్నాయువో నరమో తెగి ఉండొచ్చు. ఆ రోజే వెళ్లాలి, పండగ అయ్యాక కాదు. నెత్తురు ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే వేయించుకోండి.

కీలులో బ్లేడు పెట్టకండి. కాలు పట్టుకున్నవాడికి కూడా ఈ మాట ముందే చెప్పి పెట్టండి, తిప్పమనేది వాడే.

వాడిన బ్లేడ్లు చెత్త కవర్లో వేయకండి. పొద్దున్నే ఆ కవరు విప్పి తడి చెత్త, పొడి చెత్త వేరు చేసేది మున్సిపాలిటీ కార్మికుల చేతులే. మందమైన ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, టేపు చుట్టి, పైన "బ్లేడ్లు" అని రాసి విడిగా వాళ్ల చేతికివ్వండి.

బ్లేడు ఉన్న కత్తిని గిన్నెలతో పాటు సబ్బు నీళ్ల తొట్టిలో వేయకండి. నురగ కింద అది కనపడదు, ఆ తొట్టిలో చెయ్యి పెట్టేది కోసినవాడు కాదు, ఇంట్లో ఆడవాళ్లు. ముందు బ్లేడు తీసి డబ్బాలో వేయండి. ఆ తర్వాతే పిడి కడగండి.